ఘాటులో లారీ యేల లాగదు?

విశాఖపట్టణము నుండి విజయనగరము మీదుగా రాయపూరునకు సరకు మోయు లారీలకు సాలూరు దాటిన పిమ్మటనే అసలు పరీక్ష మొదలగును. మైదానములో నిండు బరువుతో సైతము సునాయాసముగ సాగివచ్చిన బండి, సుంకి ఘాటు చేరునప్పటికి, నిన్నటిదాక మూడవ గేరులో ఎక్కిన మలుపును నేడు రెండవ గేరులోనైన ఎక్కలేక మూల్గుచుండుట, వెనుక వాహనముల వరుస పెరుగుచుండుట, డ్రైవరు యాక్సిలరేటరును అడుగంట నొక్కినను ఇంజనులో చురుకు పుట్టకుండుట, ఆ దారిన తిరుగువారందరికిని తెలిసిన కష్టమే. అట్టి బండి షెడ్డునకు చేరినప్పుడు డ్రైవరు చెప్పు మాట సామాన్యముగ ఒక్కటే: "పికప్ లేదు మేస్త్రీగారూ, టర్బో పోయినట్టుంది." అందు మొదటి సగము నిజము, రెండవ సగము పెక్కు సందర్భములలో నిజము కాదు. టర్బో మిక్కిలి ఖరీదైన భాగము. దానిని విప్పి క్రొత్తది బిగించిన పిదప గూడ బండి అట్లే మూల్గుటయు, యజమాని సొమ్ము నీళ్లపాలగుటయు తరచుగ జరుగుచున్నవి గనుక, టర్బో పీడనము తగ్గుట యనగా నేమి, అది ఏయే కారణముల వలన తగ్గును, ఆ కారణములను ఏ వరుసలో వెదకవలెను అను విషయములను కొంత నిదానముగ విచారించుట అవసరము.

డీజిలు ఇంజనులో రవ్వ పుట్టించు ప్లగ్గు ఉండదు. సిలిండరులోనికి ముందుగా గాలి మాత్రమే వచ్చును. పిస్టను దానిని పదునారవ వంతునకో, పదునేడవ వంతునకో కుదించుటచే అది మిక్కిలి వేడెక్కును. అప్పుడు నాజిలు నుండి సన్నని తుంపరగా వెలువడిన డీజిలు ఆ వేడికే అంటుకొని మండును. 1890ల దశాబ్దిలో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో సాధించిన యీ విధానమున గాలికి గల ప్రాధాన్యమును మనము తగినంతగా గుర్తింపము. బరువు లెక్కను ఒక పాలు డీజిలు పూర్తిగా మండుటకు సుమారు పదునాలుగున్నర పాళ్ల గాలి కావలెను. ఒక లీటరు డీజిలు ఇంచుమించు 830 గ్రాములు తూగును. దానికి 12 కిలోల గాలి కావలెను. సముద్రతీరమున వేసవినాటి గాలియైనచో అన్ని కిలోలు పది వేల లీటర్లకు మించిన చోటు నాక్రమించును. పైగా ఇంజను వేగముగ తిరుగునప్పుడు డీజిలు మండుటకు దొరకు వ్యవధి సెకనులో రెండు మూడు వేలవ వంతులే. అంత స్వల్పకాలములో ప్రతి తుంపరకును దానికి కావలసిన ప్రాణవాయువు అందవలెనన్నచో, లెక్కకు వచ్చు గాలి మీద ఇంకను మూడవ వంతైన అదనముగ ఉండవలెను. అది లేనినాడు డీజిలులోని కర్బనము మండక మసియై నల్లని పొగగా బయటికి పోవును. డీజిలును ఎక్కువగా చిమ్ముట పంపునకు సులభమైన పని. దానికి తగిన గాలిని లోపలికి తెచ్చుటయే కష్టము. ఇంజను బలమునకు హద్దు గీయునది గాలి.

ఈ హద్దును దాటించినవాడు స్విట్జర్లాండు దేశీయుడైన ఆల్ఫ్రెడ్ బ్యూకి. మండిన డీజిలు శక్తిలో సుమారు మూడవ వంతు వేడిగా పొగతో పాటు వ్యర్థమగుచున్నది గదా. ఆ వేడిపొగచే ఒక చక్రమును త్రిప్పించి, అదే ఇరుసు రెండవ కొనకు బిగించిన మరియొక చక్రముచే బయటి గాలిని కుదించి ఇంజనులోనికి నెట్టించు ఉపాయమునకు ఆయన 1905లో పేటెంటు పొందెను. అది ఆచరణలోనికి వచ్చుటకు ఇరువది యేండ్లు పట్టినది. 1920ల నడుమ రెండు జర్మను ప్రయాణికుల ఓడల ఇంజనులకు ఈ యంత్రమును, అనగా టర్బోను, అమర్పగా, 1750 అశ్వశక్తి గల ఇంజను 2500 అశ్వశక్తి నిచ్చెను. లారీలకు ఇది 1938లో స్విట్జర్లాండులోని సౌరర్ సంస్థ ద్వారా వచ్చినది. మన రోడ్లపై సర్వసాధారణమైనది 1990ల పిదపనే.

నిండు బరువు లాగు ఇంజను నుండి ఆరేడు వందల డిగ్రీల వేడిమితో వెడలు పొగ టర్బో చక్రమును నిమిషమునకు లక్ష చుట్లు మించిన వేగముతో త్రిప్పును. రెండవ వైపు చక్రము గాలిని బయటి వాతావరణ పీడనమునకు రెట్టింపు చేసినదనుకొందము. షెడ్లలో దీనినే "ఒక కిలో ప్రెషరు" అందురు. చదరపు సెంటీమీటరునకు ఒక కిలో అదనమని దాని భావము. కుదించిన గాలి వేడెక్కుట ప్రకృతి ధర్మము గనుక, 30 డిగ్రీలతో లోపలికి వచ్చిన గాలి 120 డిగ్రీలతో వెలువడును. వేడిచే వ్యాకోచించిన ఆ గాలిలో పీడనము రెట్టింపైనను సాంద్రత ఒకటిన్నర రెట్లే. అందుచే దానిని రేడియేటరు ముందు అమర్చిన ఇంటర్‌కూలరు గుండ పంపి 55 డిగ్రీలకు చల్లార్చినచో సాంద్రత ఒకటి ముప్పాతిక రెట్లు దాటును. ఈ అంకెలు ఇచ్చటనే ఇచ్చుటకు కారణమున్నది: ఇంటర్‌కూలరు రెక్కల నడుమ మట్టి, పురుగులు, ఎండుగడ్డి పేరుకొని చల్లబడుట తగ్గినప్పుడు గేజిలో పీడనము సరిగనే కనబడును గాని బండి లాగదు. పీడనమును మాత్రమే చూచి గాలి చాలుచున్నదని నిర్ణయించుట అందుచేతనే పొరపాటు.

ఇక అసలు చిక్కు. గాలి చాలినచో డీజిలు బాగుగ మండును. డీజిలు బాగుగ మండినచో పొగలో వేడి హెచ్చును. పొగలో వేడి హెచ్చినచో టర్బో వేగముగ తిరిగి గాలి నధికముగ తెచ్చును. కొలిమిలోని నిప్పే తన తిత్తిని తాను ఊదుకొను ఏర్పాటిది. ఇట్టి చక్రములో ఎచ్చట లోపము కలిగినను, దాని ఫలితము చుట్టు తిరిగి వచ్చి తక్కువ పీడనముగనే గేజిలో కనబడును. డీజిలు ఫిల్టరు మూసికొనిపోయి ఇంజనునకు డీజిలు సరిగ అందకున్నను టర్బో పీడనము తగ్గును. నిర్దోషియైన టర్బో ఆ సందర్భమున చేయగలిగినదేమియు లేదు, త్రిప్పువాడు లేడు గనుక తిరుగుట లేదు. తక్కువ పీడనము కారణమా, కార్యమా అని మొదట తేల్చికొనక పానా చేత పట్టుట వలననే ఇన్ని క్రొత్త టర్బోలు వ్యర్థముగ అమ్ముడగుచున్నవని నా దృఢ విశ్వాసము.

దీనిని తేల్చుటకు షెడ్డులో బండిని నిలిపి న్యూట్రలులో ఇంజనును రేజు చేసి చూచుట పనికిరాదు. బరువు లేని ఇంజను స్వల్పముగ డీజిలు త్రాగి వేగము నందుకొనును. పొగలో వేడి ఉండదు. మంచి టర్బో సైతము అప్పుడు చెప్పుకోదగిన పీడనము పుట్టింపదు. ఇంజనులోనికి గాలి పోవు మానిఫోల్డునకు గేజి తగిలించి, నిండు బరువుతో, ఎత్తుదారిలో, ఇంజను నడివేగమున తిరుగు గేరులో యాక్సిలరేటరును పూర్తిగ నొక్కి కొలిచినదే కొలత. ఆ సమయమునందే సైలెన్సరు వైపు చూడవలెను. అనుభవజ్ఞుడైన మేస్త్రీ డ్రైవరును అడుగు మొదటి ప్రశ్నయు అదే: "పొగ ఎలా వస్తోందయ్యా?"

ఆ ప్రశ్నలో గొప్ప శాస్త్రమున్నది. నల్లని పొగ దట్టముగ వచ్చుచు బండి లాగకున్నచో డీజిలు వచ్చుచున్నది, గాలి చాలుట లేదు. గాలి దారిని వెదకవలెను. పొగ యేమియు లేకుండ బండి నీరసించినచో గాలికి తగినంత డీజిలే రాకున్నది; అట్టి బండిలో టర్బోను ముట్టుకొనుట అనవసరము. 2020 ఏప్రిల్ నుండి అమ్మకమునకు వచ్చిన బీఎస్-6 బండ్లలో మాత్రము ఈ పరీక్ష పనిచేయదు. మసిని లోపలనే పట్టి యుంచు ఫిల్టరు సైలెన్సరు దారిలో నున్నది. గాలి తగ్గినదని సెన్సరు చెప్పిన తక్షణమే కంప్యూటరు డీజిలును తగ్గించివేయును. ఏ దోషమైనను పొగ మాత్రము కానరాదు. వానికి స్కానరే గతి.

నల్లపొగ బండిలో తరచుగ దొరకు దోషము టర్బోకును ఇంజనునకును నడుమనున్న రబ్బరు హోసులలో నుండును. సాలూరులో ఒక షెడ్డునందు నేను చూచిన పరిశోధన ఇచ్చట చెప్పదగినది. టర్బో మార్చవలెనని వచ్చిన బండి అది. వృద్ధుడైన మేస్త్రీ టర్బో జోలికి పోలేదు. క్యాబిను లేపించి, ఇంటర్‌కూలరు నుండి మానిఫోల్డునకు పోవు హోసు క్రింద చేయి పెట్టి, కంటికి కనబడని అడుగుభాగమును వ్రేళ్లతో మెల్లగ తడిమెను. వ్రేళ్లు బయటికి వచ్చునప్పటికి కొనల మీద నల్లని జిడ్డు, దానితో కలిసిన మెత్తని ధూళి ఉన్నవి. టర్బో సీళ్ల నుండియు, బ్రీదరు నుండియు వచ్చు ఇంజనాయిలు ఆవిరి కొంత ఈ గొట్టములలో ఉండుట సహజము. గాలి కారుచోట ఆ ఆవిరియు బయటికి చిమ్మును. దారి ధూళి దాని కంటుకొనును. అందుచే తక్కిన హోసంతయు పొడిగ నుండి ఒక్కచోట మాత్రము జిడ్డుమట్టి గట్టిపడియున్నచో అచ్చట చీలిక కలదని దాదాపు నిశ్చయముగ చెప్పవచ్చును. హోసు విప్పి రెండు చేతులతో వంచగా క్లిప్పు ప్రక్కనే బెత్తెడు పొడవున చీలిక నోరు తెరచినది. విడిచిన వెంటనే రబ్బరు అతికినట్లు మూసికొనిపోయినది. "చూశారా బాబూ, బండి ఆగి ఉంటే ఇది కనపడదు. లోడు మీద ఎక్కుతున్నప్పుడే నోరు తెరుస్తుంది," అని ఆయన నాకు చూపెను. ఆగిన బండిలో ఎంత వెదకినను దొరకని దోషము ఘాటులో మాత్రమే ప్రత్యక్షమగుటకు కారణమిదియే.

చేతికందని చోట్లకు సబ్బునీటి పరీక్ష కలదు. టర్బో గాలి పీల్చు నోటిని, టైరు వాల్వు బిగించిన రబ్బరు మూతతో మూసి, కంప్రెసరు గాలిని మెల్లమెల్లగ ఎక్కించి ఒక కిలో దాటనీయక నిలిపి, అతుకులన్నింటి మీద సబ్బునీరు పోసినచో కారుచోట నురుగు లేచును. ఇంటర్‌కూలరు ఇరువైపులనున్న తొట్ల అతుకులలో, రాతిదెబ్బ తగిలిన గొట్టములలో సన్నని పగుళ్లు దీనితోనే బయటపడును. మూత గట్టిగ బిగియక ఊడినచో మనిషిని గాయపరచునంత బలము ఆ గాలికి కలదు. దాని కెదురుగ నిలువరాదు.

గాలి కారిపోవుట ఒకటి. గాలి రాకుండుట మరియొకటి. ఎయిర్ ఫిల్టరు సంగతి అందరును ఎరిగినదే గనుక విస్తరింపను. దుమ్ము నిండిన ఫిల్టరు వెనుక ఏర్పడు పీల్పు 635 మిల్లీమీటర్ల నీటిమట్టమును మించినచో దానిని మార్చవలెనని పెక్కు ఇంజనుల నిబంధన. దానిని దులిపి, కంప్రెసరు గాలితో ఊది మరల మరల వాడుటచే కాగితములో కంటికి కనబడని రంధ్రములు పడి, వాని గుండ పోయిన ఇసుక టర్బో రెక్కల అంచులను అరగదీయును. ఆదా అనుకొని చేయు నష్టమిది.

ఘాటు బండ్లలో ప్రత్యేకముగ చూడవలసినది ఎగ్జాస్ట్ బ్రేకు. దిగుడు దారిలో పొగగొట్టమును మూసి ఇంజను చేతనే బండిని నిలువరింపజేయు పలక టర్బో తరువాత నుండును. మసి పట్టి, తుప్పు పట్టి, ఆ పలక సగము మూసిన స్థితిలో ఇరుకుకొనిపోయినచో బండి దిగునప్పుడు ఏ లోపమును తెలియదు, ఎక్కునప్పుడు మాత్రము ప్రాణము పోవును. టర్బో చక్రమును త్రిప్పునది పొగ పీడనము కాదు, చక్రమునకు ముందు వెనుకల నున్న పీడనముల వ్యత్యాసము. వెనుక దారి మూసికొన్నచో ఆ వ్యత్యాసము పోవును. క్రింద దూరి పలక ఇరుసునకు తగిలించిన మీట పూర్తిగ వెనుకకు వచ్చుచున్నదో లేదో చూచుటకు ఐదు నిమిషములు చాలును. ఆ ఐదు నిమిషములు వెచ్చింపక టర్బో విప్పుట నేను క్షమింపజాలను. టర్బోకు ముందు పొగ కారుటయు అంతే నష్టము. పొగ వెడలు మానిఫోల్డు ప్యాకింగు వద్ద కాటుక పూసినట్లు కనబడు మసిచారలు దానిని పట్టియిచ్చును.

పొగ లేక నీరసించిన బండి కథ వేరు. డీజిలు ఫిల్టరు, ఫీడ్ పంపు, పైపులో చొరబడు గాలి, యాక్సిలరేటరు తీగ సాగి పంపు మీట పూర్తిగ తెరువబడకుండుట, వీనిని వరుసగ చూచిన పిదప పాత పంపు గల బండ్లలో చాలమంది మరచు ఒక చిన్న గొట్టము మిగులును. గాలి మానిఫోల్డు నుండి డీజిలు పంపు నెత్తిమీది డబ్బాకు పోవు సన్నని గొట్టమది. ఆ డబ్బాలో ఒక పలుచని రబ్బరు పొర కలదు. టర్బో పీడనము ఆ పొరను నొక్కినకొలది పంపు డీజిలును అధికముగ వదలును. గాలి రాకముందే డీజిలు పోసి పొగ పుట్టింపకుండుటకై చేసిన ఏర్పాటు. ఈ గొట్టము రాపిడికి తెగినను, లోపలి పొర చినిగినను, టర్బో పీడనము నిజముగ వచ్చుచున్నను పంపునకు ఆ వార్త అందదు. గాలి రాలేదని తలచి పంపు డీజిలును బిగబట్టును. డీజిలు తగ్గుటచే పొగ వేడి తగ్గును. దానితో వచ్చుచున్న పీడనమును నిజముగనే తగ్గిపోవును. కొద్ది రూపాయల గొట్టము కొరకు వేలు వ్యయించి ఇంజను విప్పిన సందర్భములు కలవు. క్రొత్త బండ్లలో ఆ డబ్బా పనిని మానిఫోల్డు సెన్సరు చేయును. దాని ముక్కుపై మసి పేరుకొన్నచో అదియు ఇట్లే తప్పు వార్త పంపును. ఇంజను ఆపి తాళము మాత్రము ఆన్‌లో నుంచినప్పుడు స్కానరులో ఆ సెన్సరు చూపు అంకె నాటి వాతావరణ పీడనముతో సరిపోవలెను. సరిపోనిచో దోషము సెన్సరుదో, దాని తీగలదో. స్కానరు "పీడనము తక్కువ" అని సంకేతమిచ్చుట లక్షణమును చెప్పుటయే గాని కారణమును చెప్పుట కాదు. ఆ సంకేతమునే తీర్పుగ భావించి టర్బో ఆర్డరు చేయువారు నానాటికి హెచ్చుచుండుట విచారకరము.

ఎత్తును గూర్చి ఒక మాట. ఇదే దారిలో ఘాటు దాటిన పిదప, సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తున నున్న కోరాపుటు చేరునప్పటికి బయటి గాలి పీడనము పదవ వంతు తగ్గును. టర్బో లేని ఇంజను అంత మేర నష్టపోవును. టర్బో గలది మరికొంత వేగముగ తిరిగి ఆ కొరతను చాలవరకు పూరించుకొనును. ఘాటు అడుగుననే బండి లాగకున్నచో ఆ నేరమును కొండమీద వేయుట కుదరదు.

వేస్ట్‌గేటు, అనగా పీడనము హద్దు మీరకుండ పొగలో కొంత చక్రమునకు ప్రక్కగ తప్పించు తలుపు, తెరచుకొని ఇరుకుకొన్నచో టర్బో బాగున్నను పీడనము లేవదు. రెక్కల వాలు మారు టర్బోలలో మసి పట్టి రెక్కలు కదలకుండుటయు, పొగలో కొంత భాగమును మరల ఇంజనులోనికి పంపు ఈజీఆర్ వాల్వు మూసికొనకుండుటయు ఇదే కోవకు చెందినవి. ఇవన్నియు చూచి దోషము కానరాని పిదపనే టర్బో గాలిగొట్టము తీసి ఇరుసును చేతితో పట్టి చూడవలెను. అచ్చట గూడ ఒక భ్రాంతి కలదు. ఇరుసు ప్రక్కలకు కొంచెము ఊగుట దోషము కాదు. అది ఇంజనాయిలు పొరపై తేలుచు తిరుగునట్లు నిర్మింపబడినది, ఆయిలు లేనప్పుడు ఆ ఖాళీ చేతికి తెలియును. ముందు వెనుకలకు చేతికి తెలియునంత కదలినను, రెక్కలు గోడను రాచిన మెరుగు గీతలు కనబడినను, అప్పుడు మాత్రము టర్బో పోయినదని చెప్పవచ్చును.

అప్పుడైనను క్రొత్తది వెంటనే బిగింపరాదు. టర్బో తనంతట చచ్చుట అరుదు. దానిని చంపునది ప్రాయికముగ ఆయిలు లేమి, ఆయిలు మురికి, లేక గొట్టములో జారిపడిన నట్టు ముక్క. ఘాటెక్కి వచ్చిన వెంటనే ఇంజను ఆపివేసినచో పంపు ఆగి, ఎఱ్ఱగ కాగిన ఇరుసు వద్ద నిలిచిన ఆయిలు మాడి బొగ్గై, సన్నని ఆయిలు దారిని క్రమముగ మూసివేయును. ఆ దారి అట్లే ఉండగా బిగించిన రెండవ టర్బోయు మొదటిదాని మార్గమే పట్టును. కావున ఆయిలు వచ్చు గొట్టమును మార్చి, తిరిగి పోవు గొట్టమును శుభ్రపరచి, ఆయిలును ఫిల్టరును మార్చి, పాత టర్బో వదలిన ఆయిలును, లోహపు ముక్కలను ఇంటర్‌కూలరు నుండి పూర్తిగ కడిగివేయవలెను. పిదప క్రొత్త టర్బో ఆయిలు రంధ్రములో చేతితో శుభ్రమైన ఇంజనాయిలు పోసి, చక్రమును వ్రేలితో కొన్ని మారులు త్రిప్పి, డీజిలు ఆపియుంచి స్టార్టరుతో ఇంజనును కొంతసేపు తిప్పి, గేజిలో ఆయిలు ముల్లు లేచిన తరువాతనే స్టార్టు చేసి, రెండు మూడు నిమిషములు రేజు చేయక ఐడిలింగులోనే ఉంచవలెను.